కత్తెర పురుగుకి ఇక్కడ చలికాలమే లేదు

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్తుంటే ఫ్యాక్టరీ షెడ్లు, మధ్యమధ్యలో మక్క చేలు. రాత్రి కంపెనీ గేటు లైట్ల చుట్టూ ఎగిరే రెక్కల పురుగుల్ని మనం పట్టించుకోం. కానీ మక్క రైతుకి నిద్ర లేకుండా చేసే ఒక రెక్కల పురుగు ట్రావెల్ హిస్టరీ వింటే ఆశ్చర్యపోతారు.

పేరు కత్తెర పురుగు. ఇంగ్లీషులో ఫాల్ ఆర్మీవార్మ్. సొంతూరు అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు. 2016లో ఆఫ్రికాలో బయటపడింది. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గలో కనిపించింది. మన దేశంలో అదే మొదటిసారి. ఆ ఏడాదే తెలంగాణకూ వచ్చేసింది. 2019లో చైనా, 2020లో ఆస్ట్రేలియా. ఇది ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు ఎగరగలదు. అంటే పటాన్‌చెరులో బయల్దేరితే తెల్లారేసరికి జహీరాబాద్ దాటేయొచ్చు.

అసలు సంగతి ఇక్కడుంది. చలికాలమంతా నిద్రపోయి బతికే అలవాటు ఈ పురుగుకి లేదు. అందుకే అమెరికా ఉత్తరాన గడ్డకట్టే చలికి ఏటా చచ్చిపోతుంది. దక్షిణాన ఫ్లోరిడా, టెక్సాస్‌లలో మిగిలినవే మళ్లీ పైకి ఎగిరి వెళ్లాలి. ప్రతి ఏడూ ఫ్యాక్టరీ రీసెట్ అన్నమాట. మన దగ్గర ఆ రీసెట్ లేదు. డిసెంబర్‌లో మనం స్వెట్టర్ వేసుకుంటాం గానీ, దానికి ఆ చలి సరిపోదు. వానాకాలం మక్క అయిపోతే యాసంగి మక్క, లేదంటే జొన్న. తిండికి లోటు లేదు. కాబట్టి అది పోతుందని ఎదురుచూడ్డం దండగ. ఎంత తొందరగా గుర్తుపడతామన్నదే లెక్క.

ఒక ఆడ పురుగు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. పిల్ల పురుగులు మొదట ఆకు పచ్చదనాన్ని గోకుతాయి, అక్కడ తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. పెద్దయ్యాక మొక్క సుడిలోకి దూరతాయి. వాటి పెంటే పైన మూతలా పడుతుంది. అప్పుడు కొట్టిన మందు లోపలికి సరిగా దిగదు. డబ్బులు పోతాయి, పురుగు ఉంటుంది.

మీ ఇంట్లో మక్క వేశారా? మొలక వచ్చిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు చేనులో తిరగండి. పురుగు తల మీద తలకిందులుగా రాసిన ఇంగ్లీషు 'వై', తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉన్నాయా? వెంటనే ఫొటో తీసి మీ క్లస్టర్ ఏఈవోకి పంపండి. తెల్ల మచ్చల దశలో తీసిన ఆ ఒక్క ఫొటో, సుడిలోకి దూరాక కొట్టే డబ్బాల కొద్దీ మందుకన్నా నయం.