కాంపిటీషన్ - మన మాటలు

కొన్ని ఇంగ్లీషు మాటలు మన ఇళ్లల్లో అద్దెకు దిగి, కొన్నాళ్లకు సొంత ఇంటివాళ్లనే వీధిలోకి పంపుతాయి. 'కాంపిటీషన్' అలాంటి మాట. ఏలూరులో బట్టల కొట్టు ఆసామి, ఎదురుగా ఇంకో కొట్టు వెలిసేసరికి 'కాంపిటీషన్ ఎక్కువైపోయిందండీ' అంటాడు. తాడేపల్లిగూడెంలో కాలేజీ కుర్రవాడు 'ఈ ఏడు కాంపిటీషన్ జాస్తి' అంటాడు. సంక్రాంతి ముగ్గుల దగ్గర ఆడపిల్లలదీ కాంపిటీషనే. పెళ్లిలో పట్టుచీరల దగ్గర తోడికోడళ్లదీ కాంపిటీషనే. ఈ నాలుగూ ఒకటేనా? కానే కావంటుంది మన భాష.

ముందు 'పోటీ' సంగతి చూడండి. దాని పక్కన చేరే క్రియ మారితే అర్థమే మారిపోతుంది. ఎన్నికలలో నిలబడేవాడు పోటీ 'చేస్తాడు'. ఒక్క ఉద్యోగం కోసం పదిమంది పోటీ 'పడతారు'. పత్రికలవారు పోటీ 'పెడతారు'. 'నాతో పోటీకి వస్తావా?' అన్నామంటే అది తగవుకు తొలిమెట్టు. ఈ మధ్య క్రికెట్టు వార్తలలో 'గట్టి పోటీ ఇచ్చారు' అని వింటున్నాం. ఇది ఇంగ్లీషు చొక్కా తొడుక్కున్న తెలుగు. 'దీటుగా నిలిచారు' అంటే సరిపోయేది.

పోటీకి పందేనికి తేడా ఉన్నది. వారపత్రికలవారు కథల పోటీ పెడతారు గాని, కథల పందెం పెట్టరు. భీమవరం వైపు సంక్రాంతికి బరిలో దిగేది పందెం కోడి. దానిని పోటీ కోడి అన్నవాడిని నేనింతవరకు చూడలేదు. పందెంలో ఏదో ఒకటి ఒడ్డాలి. ఆ ఒడ్డేదాని కోసం 1974 నాటి జూద నిషేధ చట్టమూ, మూగజీవాల హింస కూడదని 1960 నాటి చట్టమూ కోడిపందాలకు అడ్డు నిలుస్తున్నాయి. పరుగు పందెంలో మాత్రం ఒడ్డేది ఏమీ లేకపోయినా పాతపేరు నిలిచిపోయింది.

వ్యాపారంలో పోటీకి ఇంకొక చక్కని పేరున్నది - పాట. ఊరి చెరువులో చేపలు పట్టుకునే హక్కును వేలం వేస్తే, 'చెరువు పాడుకున్నాడు' అంటారు. సంగీతం రానివాడు కూడా ఇక్కడ గొప్ప పాటగాడే! ఒకరి మీద ఒకరు పాడుతూ పోగా, సరుకు విలువ మరిచిపోయి పంతం మిగిలినప్పుడు దానిని వేలంవెర్రి అన్నారు. అందరూ కలిసి పాట పెరగకుండా కట్టడి చేసుకుంటే 'సిండికేటయ్యారు' అంటారు. పోటీ లేకుండా చేయడానికి మాత్రం మనకు ఇంగ్లీషు మాటే కావలసి వచ్చింది!

'స్పర్ధ' సంగతి మరీ విచిత్రం. కన్నడంవారికి అది పోటీ పరీక్షల మాట. మనకు అది మనసులో చేరి 'మనస్పర్ధ' అయి, అన్నదమ్ముల మధ్య గోడై కూర్చున్నది. తోడికోడళ్ల చీరల సంగతి దీని కిందకే వస్తుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇంతకూ ఈ మాటల తేడా చూసుకోవడం దేనికి? ఒకసారి ఏలూరు నుంచి గూడెం వెళ్లే బస్సులో నా పక్క సీటులో ఒక తల్లి, నాలుగో తరగతి కొడుకును పొరుగావిడకు చూపిస్తూ, 'మావాడికి క్లాసులో మీ అబ్బాయేనండీ కాంపిటీషన్' అన్నది. అంతసేపూ ఒకే పొట్లంలో శనగలు తింటున్న పిల్లలిద్దరూ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు.

పరీక్ష వేరు, పోటీ పరీక్ష వేరు. బడి పరీక్షలో తరగతి మొత్తం ప్యాసు కావచ్చు. ఒకడి మార్కులు ఇంకొకడి మార్కులను తినవు. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్‌ఐటీలో చేరడానికి రాసే జేఈఈ అలాంటిది కాదు. సీట్లు ఇన్నే అని ఉంటాయి. ఒకరు చేరితే ఒకరు ఆగవలసిందే. ఆ పోటీ ఎప్పుడో పద్దెనిమిదో ఏట వస్తుంది. దానిని నాలుగో తరగతికే తెచ్చి, పక్క బెంచీ పిల్లవాడికి శత్రువని పేరు పెట్టడమెందుకు?

ఎదుటివాడిని ఇంగ్లీషులో 'రైవల్' అంటారు. దాని లాటిన్ మూలానికి అర్థం, ఒకే కాలువ నీరు వాడుకునేవాడని! కాలువల దేశంలో పుట్టిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మన 'దాయాది' కూడా ఇలాంటిదే. దాయమంటే పిత్రార్జితంలో వాటా. దాయాది అంటే వాటాదారు. వాటాదారు కాస్తా పగవాడయ్యాడు, 'దాయ' అంటే శత్రువన్న అర్థమూ వచ్చింది. అక్కడా ఇక్కడా మాట చెప్పేదొకటే - పోటీ పరాయివాడితో రాదు. ఒకే నీటిని పంచుకునేవాడితోనే వస్తుంది.

మరి కాలువ కింద రైతులు నిత్యం కొట్టుకోకుండా ఉన్నదెలాగ? దానికీ ఒక మాటున్నది - వంతు. నీళ్లు చాలని దాళ్వాలో వంతులవారీగా వదులుతారు. వంతు ఉన్నంతకాలం ఎదుటివాడు సాటివాడు. వంతు తప్పితే దాయ. కొల్లేటిని చూడండి. లంకల జాలరులకు, గట్టు మీద రైతులకు, చేపల చెరువులవారికి, ఆటపాక గూడబాతులకు అందరికీ ఒకే నీరు. ఎవరికెంత అన్న లెక్క తప్పి సరస్సులో గట్లు లేచాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించినా ఆగలేదు. 2006లో ప్రభుత్వం యంత్రాలు పెట్టి గట్లు కొట్టించవలసి వచ్చింది. నీరు పంచుకునేవారికి వంతు కుదరకపోతే ఎంతవరకు పోతుందో ఆ గట్లు చెబుతాయి.

పిల్లలకు మాత్రం మంచి మాట ఒకటి మనకున్నది - ఉజ్జీ. చెడుగుడులో సమ ఉజ్జీ దొరికితేనే ఆట రక్తి కడుతుంది. ఉజ్జీ లేనివాడికి గెలుపూ లేదు. కనుక తల్లులారా, తండ్రులారా, ఈసారి ప్రోగ్రెస్ కార్డు వచ్చినప్పుడు 'నీకు కాంపిటీషన్ ఎవరురా?' అని అడగకండి. 'నీకు ఉజ్జీ ఎవరురా?' అని అడగండి. వాడు చెప్పిన పిల్లవాడిని ఆదివారం ఇంటికి టిఫినుకు పిలవండి.