శరణు కోరినవారి మాట వినేదెవరు?

జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయాభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల పీడనకు గురవుతామన్న సహేతుకమైన భయంతో స్వదేశం విడిచి, ఆ దేశపు రక్షణ పొందలేకపోయిన వ్యక్తిని 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక శరణార్థిగా గుర్తిస్తుంది. నిర్వచనం ఒక్క వాక్యమే అయినా, ఎదుట నిలిచిన మనిషికి అది వర్తిస్తుందో లేదో తేల్చడం చాలా కష్టం; ఆ పనిని అమెరికాలో ఇమిగ్రేషన్ కోర్టులు, కెనడాలో ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు, ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు నుంచి పనిచేస్తున్న అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ వంటి వ్యవస్థలు చేస్తాయి.

మామూలు న్యాయస్థానం జరిగిపోయిన సంఘటనను విచారిస్తుంది. శరణార్థి ట్రిబ్యునల్ మాత్రం, దరఖాస్తుదారు వెనక్కి వెళితే ఏమి జరగవచ్చునన్నది ఊహించి నిర్ణయించాలి. గతంలో పడిన దెబ్బలు రాబోయే అపాయానికి సాక్ష్యాలే గాని, అవే విచారణకు గమ్యం కావు. పీడన జరిగి తీరుతుందనో, జరగకపోవడం కన్నా జరిగే అవకాశమే ఎక్కువనో రుజువు చేయనక్కరలేదని, పదింట ఒక వంతు అవకాశమున్నా భయం సహేతుకమే కావచ్చునని 1987లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణంతో ముడిపడిన విషయంలో ఇంతకన్నా కఠినమైన కొలత పెట్టడం న్యాయం కాదు.

అయితే కొలత ఒకటే అయినా తూచే చేతిని బట్టి ఫలితం మారుతుందనడానికి ఫిజీ భారతీయుల కేసులే నిదర్శనం. 1879లో మొదలైన గిర్మిట్ (ఒప్పంద) కూలీల వలసలో, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్ళిన తెలుగువారూ ఉన్నారు. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకుని, తరాలు మారినా భాషను కాపాడుకోవడానికి పాటుపడినవారు వీరే. 1987 మే 14న సితివేని రబుకా సైనిక కుట్రతో తిమొసి బవద్రా ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు, భారతీయ మూలాలున్నవారి ఇళ్ళు, దుకాణాలు దాడులకు గురయ్యాయి, ఆ తర్వాత వేలాదిమంది దేశం విడిచారు. అమెరికా చేరినవారిలో ఒకరిని ఫిజీ పోలీసులు కొన్ని గంటలు నిర్బంధించి, కొట్టి, రాజకీయ అనుబంధాల గురించి ప్రశ్నించగా, గాయాలకు వైద్యం అవసరం కాలేదన్నది కూడా లెక్కలోకి తీసుకుని, ఆశ్రయం నిరాకరించిన నిర్ణయాన్ని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 1995లో మార్చలేదు. మరుసటి సంవత్సరమే అదే కోర్టు, పదేపదే దోపిడీకి గురై, ఉద్యోగం మానుకుని, సైనికులు ఇంటిని దోచుకోగా దేశం వదిలిన ఒక స్త్రీ అనుభవించింది పీడనేనని అంగీకరించింది. రెండు కేసుల్లో వివరాలు వేరన్నది నిజమే; కానీ ఒకే కుట్ర, ఒకే సమాజం, ఒకే భయం.

చాలా కేసులు చట్టం దగ్గర కాక విశ్వసనీయత దగ్గర, అంటే దరఖాస్తుదారు మాట నమ్మదగినదేనా అన్న ప్రశ్న దగ్గర ఓడిపోతాయి. పారిపోయివచ్చిన మనిషి చేతిలో కాగితాలుండవు గనుక, రుజువు భారం అతనిదే అయినా నిజానిజాలు వెలికితీసే బాధ్యతను విచారించేవారూ పంచుకోవాలని, మొత్తం కథ పొందికగా ఉన్నప్పుడు సందేహలాభం అతనికే దక్కాలని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1979 నాటి తన కరదీపికలో చెప్పింది. అమెరికాలో 2005 నాటి చట్టం మాత్రం, అసలు అంశానికి సంబంధం లేని చిన్న పొరపాటును కూడా అపనమ్మకానికి ఆధారంగా తీసుకునే వీలు కల్పించింది. దెబ్బతిన్న మనసు తేదీలను వరుసగా గుర్తుంచుకోదు; సంక్రాంతికి ముందని, పొలం కోతలప్పుడని కాలాన్ని గుర్తుపెట్టుకునే పల్లె మనిషి, దుబాసీ ద్వారా చెప్పిన తేదీ ఫారంలోని తేదీతో కలవకపోతే అబద్ధమాడినట్టు కాదు. ఇలాంటి మాటను ముఖాముఖి వినకుండా కాగితాల మీదే తోసిపుచ్చకూడదని కెనడా సుప్రీంకోర్టు 1985 ఏప్రిల్ 4న తీర్పు చెప్పింది. ఆ హక్కును సాధించిన దరఖాస్తుదారుల్లో భారతదేశం నుంచి వెళ్ళిన సిక్కులున్నారు.

చదువుకు వెళ్ళి వీసా చిక్కుల్లో పడిన మన పిల్లలకు, ఎవరో అల్లిన కథతో అసైలం వేయమని సలహా ఇవ్వడం ఎంతటి ద్రోహమో కూడా ఇక్కడే చెప్పాలి. తెలిసి తెలిసి కల్పించిన దరఖాస్తు వేసినట్టు తేలితే అమెరికా వలస చట్టపు ప్రయోజనాలన్నీ శాశ్వతంగా మూసుకుపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం, నిజంగా భయపడి వచ్చినవారి మాటను కూడా అనుమానంతో వినే అలవాటు పెరగడం.

ఇన్ని లోపాలున్నా ఆ దేశాల్లో వినడానికి ఒక పీఠం ఉంది. మన హైదరాబాద్ బాలాపూర్‌లో, 1982 పౌరసత్వ చట్టంతో సొంత దేశంలోనే పరాయివారై మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలకు అదీ లేదు. భారతదేశం 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు. వారి కథలు విని ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఇచ్చే కార్డుకు ఇక్కడి చట్టంలో స్థానం లేదు. 1946 విదేశీయుల చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టంలో కూడా శరణార్థి అన్న నిర్వచనం లేదు. జీవించే హక్కు విదేశీయులకూ వర్తిస్తుందని చక్మా శరణార్థుల కేసులో 1996లో చెప్పిన సుప్రీంకోర్టు, 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో, పంపివేయబడకుండా ఉండే హక్కు పౌరులకే ఉన్న నివాస హక్కుతో ముడిపడినదని మధ్యంతర ఉత్తర్వులో పేర్కొంది. అదే మయన్మార్‌లో, నాటి బర్మాలో, 1930 మే నెలలో రంగూన్ రేవు అల్లర్లలో తెలుగు కూలీలు దాడులకు గురయ్యారు, 1942లో జపాన్ దాడికి తెలుగు కుటుంబాలు కాలినడకన కొండలు దాటి వచ్చాయి. వారికి తిరిగి రావడానికి ఒక దేశముంది.

2015లో శశి థరూర్ ప్రవేశపెట్టిన ఆశ్రయ బిల్లు చట్టం కాలేదు. ప్రతి దరఖాస్తుదారునూ చేర్చుకోవాలని ఎవరూ అనడం లేదు; పంపించేముందు ఒక స్వతంత్ర ట్రిబ్యునల్, దుబాసీతో, అప్పీలు అవకాశంతో, అతని మాట వినాలన్నదే కోరిక. విదేశాల్లో అలాంటి విచారణను తమ హక్కుగా భావించే ప్రవాస తెలుగువారు, తమ ఊళ్ళ పార్లమెంటు సభ్యులకు ఈ మాట రాసి అడగాలి.