అసలు బొమ్మా? కొసరు హంగులా?

టెలివిజన్ సెట్టు ఎంపిక కూడా కళాశాల వార్షిక సంచికలో వ్యాసం రాయదగ్గ విషయమేనా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వే ముందు ఒక్క సంగతి ఆలోచించమని మనవి. ఇల్లు, పెళ్ళి, చదువు, బండి అయ్యాక మధ్యతరగతి ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ డబ్బు పోసి కొనే వస్తువుల్లో టీవీ ఒకటి. ఆ డబ్బు ఊరికే రాదు. మా కోనసీమలో అయితే అది కొబ్బరి దింపు మీద వచ్చినది కావచ్చు. లేదా కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఒక ఇల్లాలు పరాయి ఇంట వండి వార్చి పంపినది కావచ్చు. అలాంటి సొమ్ముతో ఏం కొంటున్నామో తెలిసి కొనాలి కదా! "కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అని మన పెద్దల సామెత. ఈ రోజుల్లో టీవీ దుకాణాల్లో కొసరే అసలై కూర్చుంది. అసలు సంగతి, అంటే బొమ్మ సంగతి, అడిగే నాథుడు లేడు. ఇదీ నా ఫిర్యాదు.

ఒకప్పుడు ఈ గొడవ లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ చూపించే 'సైట్' ప్రయోగం జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడు, రంగులొచ్చాయి. ఆనాటి సెట్టుకు ఉన్న హంగులల్లా ఛానెల్ తిప్పే పిడి, ధ్వని పెంచే మీట, వెలుగూ కాంట్రాస్టూ సర్దే రెండు మీటలు. మా తాటిపాక పెద్దవాళ్ళు ఆ రోజుల గురించి చెప్పే కథలన్నీ యాంటెన్నా చుట్టూనే తిరుగుతాయి. కొబ్బరిచెట్ల తలలు దాటేలా గొట్టం నిలబెట్టి డాబా మీద ఒకడు తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకడు "వచ్చింది... పోయింది... ఆఁ, అక్కడే ఆపు!" అని కేకలు. నవ్వులాటగా చెప్పుకున్నా అందులో ఒక విశేషం ఉంది. ఇంటిల్లిపాది ధ్యాసా బొమ్మ మీదే ఉండేది.

ఆ తరువాత పల్చటి తెరల కాలం వచ్చింది. గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చేవాళ్ళు అట్టపెట్టెలో టీవీని వెంట తెచ్చుకోవడం మా వైపు ఒక ముచ్చటగా ఉండేది. 2013 ఆగస్టు 26 నుంచి పల్చటి తెర టీవీలకు సుంకం మినహాయింపు తీసేసి సుమారు 36 శాతం వడ్డించడంతో ఆ మోజు తగ్గింది; కొనుగోలు ఊరి దుకాణానికే వచ్చింది. 32 అంగుళాలు దాటిన సెట్ల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగాక 43 అంగుళాల సెట్టు వైపు జనం చూపు మళ్ళింది. న్యాయమే. 43 అంగుళాల తెర వైశాల్యం 32 అంగుళాల తెరకు దాదాపు ఒకటికి ఎనభై శాతం అదనం.

కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా పిన్ని, అమ్మమ్మ ఇంటికి అలాంటి సెట్టే కొందామని నన్ను వెంటబెట్టుకుని తాటిపాక సెంటర్లో ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. "చదువుకున్నోడివి కదరా, నువ్వు చూసి చెప్పు" అంది. దుకాణాయన మర్యాదస్తుడు. "ఆయ్, రండమ్మా, కూర్చోండి" అని ఒక సెట్టు ముందు నిలబడి గుక్కతిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. "ఫోర్‌కే అండి, హెచ్‌డీఆర్ అండి, మాటతో నడిచే రిమోట్ అండి, రెండు జీబీ ర్యామ్, పదహారు జీబీ మెమరీ అండి, ఆటలకు వేరే మోడ్ ఉందండి..." పక్కనే ఇంచుమించు అదే ధరకు మరో సెట్టు ఉంది. దాని గురించి చెప్పడానికి ఆయన దగ్గర పెద్దగా సరుకు లేదు. "అది మామూలుదండి. బొమ్మ బాగుంటదండి, అంతే" అన్నాడు, అదేదో లోపమైనట్టు!

ఆ "అంతే" అన్న మాటే నాచేత ఈ వ్యాసం రాయించింది. కనుక ఆ హంగుల్ని ఒక్కొక్కటిగా తూచి చూద్దాం.

ముందు ఫోర్‌కే. 43 అంగుళాల్లో ఇప్పుడు ఫోర్‌కే కానిది వెతుక్కోవాలి గనుక వద్దనక్కర్లేదు. దాన్ని చూసి మురిసిపోవడమే అనవసరం. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కల్ని వేరుచేయగలదు. లెక్క కడితే, 43 అంగుళాల తెరకు అయిదున్నర అడుగులు దాటి కూర్చున్నవాడికి ఫుల్ హెచ్‌డీకీ ఫోర్‌కేకీ తేడా తెలియడం కష్టం. మా అమ్మమ్మ వాలుకుర్చీ తెరకు పదడుగుల దూరం! పైగా కేబుల్లో వచ్చే మామూలు ఛానెల్ బొమ్మలో ఉండేవి 720 × 576 చుక్కలు. ఫోర్‌కే తెర మీద ఉండేవి 3840 × 2160. భాగించి చూడండి, సరిగ్గా 20 రెట్లు. అంటే తెర మీది ప్రతి 20 చుక్కల్లో 19 ఆ సెట్టు తన ఊహకొద్దీ కల్పించి నింపేవే. కాబట్టి అడగవలసింది ఎన్ని చుక్కలున్నాయని కాదు. పాత బొమ్మను ఎంత నేర్పుగా సాగదీస్తుందని. ఆ సంగతి ఏ పెట్టె మీదా అచ్చువేయరు.

రెండోది హెచ్‌డీఆర్. వెలుగునీడల తేడాను నిండుగా చూపే విద్య ఇది. అయితే తక్కువ ధర సెట్టు మీద ఈ ముద్ర ఉంటే దానర్థం, ఆ రకం సంకేతాన్ని అది తీసుకోగలదని మాత్రమే. తీసుకున్నదాన్ని చూపించే వెలుగు తెరకు ఉందా అన్నది వేరే ప్రశ్న. మూడొందల నిట్ల వెలుగుతో ఎండను ఎండలా చూపడం సాధ్యం కాదు. "పైన పటారం, లోన లొటారం" అన్నది ఇలాంటి వాటికే.

ఇక అసలు విషయం, నలుపు. మామూలు ఎల్‌ఈడీ టీవీ అంటే వెనుక దీపాలు, ముందు ఎల్‌సీడీ తెర. దీపాల వెలుగును తెర ఎంత గట్టిగా మూయగలదో అంత మంచి నలుపు. ఈ తెరల్లో ప్రధానంగా రెండు జాతులు. ఐపీఎస్ తెరలో తెలుపు నలుపుల తేడా వెయ్యికి ఒకటి చొప్పున ఉంటే, వీఏ తెరలో మూడువేలకు ఒకటి, ఒక్కోసారి అంతకు మించి. కానీ ఐపీఎస్ తెరను పక్కనుంచి చూసినా రంగు మారదు. వీఏ తెర పక్కనుంచి చూస్తే పాలిపోతుంది. మా కోనసీమ మండువా ఇళ్ళలో ఇది ఉత్త సిద్ధాంతం కాదు. నడిమి మండువాలోంచి వెలుగు పడుతుంది, జనం నాలుగు వైపులా చేరతారు. ఎవరింటికి ఏది తగునో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూసి నిర్ణయించుకోవాలి. చుక్క చుక్కకూ సొంత వెలుగున్న ఓఎల్‌ఈడీలో నలుపు నిజంగా నలుపే. కానీ ధర బాగా ఎక్కువ. రోజంతా ఒకే చోట లోగో, కింద కదలని పట్టీలు వేసే వార్తా ఛానెళ్ళు పొద్దస్తమానం నడిచే ఇంట్లో ఆ గుర్తులు తెర మీద మచ్చలుగా మిగిలే ప్రమాదమూ ఉంది.

దుకాణంలో దీన్ని పరీక్షించడమెలా? దుకాణం వాళ్ళు వేసే చిలకలూ, పువ్వులూ, సముద్రాలూ నమ్మవద్దు. అవి ప్రదర్శన కోసం తీసినవి. సెట్టు కూడా ప్రదర్శన మోడ్‌లో కళ్ళు మిరుమిట్లు గొలిపేలా పెట్టి ఉంటుంది. నేను ఆ మోడ్ తీయించి, 1957 నాటి 'మాయాబజార్' పెట్టించాను. ఆ చిత్రానికి మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల తెలుగువాడెవడూ మరిచిపోలేనిది. తెలుపు నలుపు చిత్రం కనుక తెరలో రంగు దోషం ఏమాత్రం ఉన్నా బూడిద రంగులో నీలి ఛాయో, పచ్చ ఛాయో తేలిపోతుంది. పాత చదరపు బొమ్మ కనుక రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. ఆ పట్టీలు నల్లగా ఉన్నాయా, మూలల్లో తెల్లగా కారుతున్నాయా అన్నది చూస్తే చాలు. హంగుల సెట్టులో రాత్రి బూడిదై, పట్టీలు మసకమసగ్గా మెరిశాయి. 'మామూలు' సెట్టులో వెన్నెల వెన్నెలగానే ఉంది. దాన్ని పక్కనుంచి చూస్తే కొంచెం పాలిపోయిన మాట నిజమే. కానీ అమ్మమ్మ కూర్చునేది ఎదురుగా. పక్కల నిండా జనం చేరేది క్రికెట్ రోజుల్లోనే.

కదలిక సంగతి కూడా చెప్పాలి. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేములతో. కొన్ని సెట్లు మధ్య ఫ్రేముల్ని తామే కల్పించి కదలికను నున్నగా చేస్తాయి. దాంతో పెద్ద సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. ఇది ఇంట్లో ఆపుకోండి మహాప్రభో అని హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ 2018లో ఏకంగా వీడియో చేసి జనాన్ని వేడుకున్నాడు. డబ్బిచ్చి కొన్న హంగును ఇంటికి రాగానే ఆపేయమని సినిమావాళ్ళే బతిమాలుతున్నారంటే ఏమనుకోవాలి?

హంగులన్నీ దండగ అని నేననడం లేదు. అక్షరాలు కూడబలుక్కోలేని ముసలమ్మకు తెలుగు మాట అర్థం చేసుకునే రిమోట్ పెద్ద వరం. పాఠాలు చూసుకునే పిల్లలకు యూట్యూబ్ కావాలి. అయితే టీవీలోని ఆ చిన్న కంప్యూటరు నాలుగైదేళ్ళకు నెమ్మదిస్తుంది, కొత్త యాప్‌లను మోయలేనంటుంది. అప్పుడు కొన్ని వేలు పెట్టి వెనకాల ఒక స్టిక్ తగిలిస్తే మళ్ళీ కొత్తదవుతుంది. తెరకు అలాంటి స్టిక్ లేదు. కొన్ననాటి నలుపే చివరిదాకా నలుపు. మార్చుకోగలిగినదాని కోసం మార్చుకోలేనిదాన్ని వదులుకోవడం తెలివైన బేరమేనా?

మరో సంగతి. కొన్ని హంగులు మనకోసం కాదు, మనల్ని చూడటం కోసం. ఇంట్లో ఎవరేం చూస్తున్నారో చెప్పకుండా సేకరించి అమ్ముకున్నందుకు అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకోవాల్సి వచ్చింది. కొత్త సెట్టు పెట్టగానే వచ్చే షరతులన్నిటికీ "అలాగే" అని నొక్కేసే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అన్నీ విని మా పిన్ని దుకాణాయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నేను కువైట్‌నించి ఫోన్ చేస్తే అమ్మకి ఇందులో పెద్దగా కనబడతానా అండి?" ఆయన అంతసేపు చెప్పిన జాబితాలో ఆ మాటే లేదు. ఫోన్ తెరను టీవీ మీదకు పంపి చూపించాడు. రెండు సెట్లలోనూ వచ్చింది. హంగుకూ అవసరానికీ తేడా నాకు అక్కడ స్పష్టంగా కనిపించింది. అవసరమైనదానికి ఒక మనిషి ఉంటుంది, ఒక వేళ ఉంటుంది. ఏ హంగు గురించి చెప్పినా "మా ఇంట్లో ఎవరు, ఏ పూట వాడతారు?" అని అడగండి. జవాబు వస్తే దానికి డబ్బివ్వండి. రాకపోతే ఆ డబ్బు తెర మీద పెట్టండి. మేం 'మామూలు' సెట్టే తెచ్చుకున్నాం.

ఈ తూకం టీవీ ఒక్కదానికే అనుకోకండి. రంగుల కరపత్రంలో ఏసీ గదులూ, స్మార్టు బోర్డులూ చూపించే విద్యాసంస్థల్లో "పాఠం ఎలా చెబుతారు?" అని అడిగే తల్లిదండ్రులు ఎందరున్నారు? అక్కడ కూడా "మామూలుదండి, పాఠం బాగుంటదండి, అంతే" అనే చోట్లు మనకు తెలుసు. గురువులు నా మాట తప్పుపట్టరనే అనుకుంటాను.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు "చదువుకున్నోడివి కదా, నువ్వు చూసి చెప్పు" అంటారు. అప్పుడు పెట్టె మీది అక్షరాలు చదివి వినిపించి ఊరుకోవద్దు. పెట్టె మీద అక్షరాలు దుకాణాయన కూడా చదవగలడు. ప్రదర్శన మోడ్ తీయించండి, ఒక రాత్రి దృశ్యం పెట్టించండి, పదడుగులు వెనక్కి జరిగి చూడండి. మన విద్యార్థి సంఘం వారు హాస్టల్ కామన్ రూముకు ఈసారి సెట్టు కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటిస్తారని ఆశిస్తున్నాను. అక్కడ మాత్రం అందరూ ఎదురుగా కూర్చోరు గనుక, పక్కనుంచి కూడా ఒకసారి చూడమని మనవి.