ఘ్రాణశక్తిని చులకన చేయరాదు

కన్ను మసకబారితే కళ్ళద్దాల కోసం బయలుదేరుతాం. చెవి మందగిస్తే ఇంటిల్లిపాదీ గమనిస్తారు. వాసన తెలియకుండా పోతే మాత్రం "పడిశం పట్టిందిలే, అదే తగ్గుతుంది" అని ఊరుకుంటాం. పంచేంద్రియాలలో ఇంతటి నిర్లక్ష్యానికి గురైనది ఘ్రాణేంద్రియమే. వాసన పోవడం వైద్యునికి చెప్పి తీరవలసిన లక్షణమని నా నిశ్చితాభిప్రాయం.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ముక్కు విలువ ఎరుగనివారు అరుదు. ఉదయగిరి ప్రాంతపు కొండలలో మూలికలు సేకరించేవారు సుగంధిపాలను ఆకు చూచి మాత్రమే నమ్మరు. వేరు గిల్లి వాసన చూస్తారు. ఆత్మకూరు బజారులో ఇంగువ కొనే గృహిణి చేసే పరీక్షా అదే. ఆ ఒక్క క్షణంలో శిరస్సులో జరిగే పని ఎంత గొప్పదో పాఠకులు తెలుసుకోవాలి.

ముక్కు లోపల పైభాగాన ఉన్న చిన్న పొరలో లక్షలాది నాడీకణాలు ఉన్నాయి. వాసనను పట్టే గ్రాహకాలు మానవునిలో సుమారు 400 రకాలు. ఒక్కొక్క కణం సాధారణంగా ఒకే రకపు గ్రాహకాన్ని ధరిస్తుంది. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. ఒకే రకపు కణాల తంతువులన్నీ జల్లెడవంటి ఎముక గుండా పైకి పోయి, మెదడు అడుగున ఉన్న ఘ్రాణకందంలో ఒకేచోట గుచ్ఛంగా కలుస్తాయి.

ఒక వాసన పలు గ్రాహకాలను మేల్కొల్పుతుంది. ఒక గ్రాహకం పలు వాసనలకు స్పందిస్తుంది. కొద్ది అక్షరాల కూర్పుతో భాషలోని మాటలన్నీ ఏర్పడినట్లు, ఈ గ్రాహకాల కూర్పుతోనే అసంఖ్యాకమైన వాసనలు మనకు వేరువేరుగా తెలుస్తాయి. సుగంధిపాల వేరు పరిమళానికి మూలమైన పదార్థంలోనూ, మిఠాయిలలో వాడే వెనిలిన్‌లోనూ ఉన్న పరమాణువులు అవే, సంఖ్యా అంతే. అమరిక ఒక్కటే వేరు. అయినా ముక్కు రెంటినీ ఒకటిగా పొరబడదు.

ఘ్రాణకందం నుండి ఈ సంకేతం మెదడులోని ఘ్రాణవల్కలానికి చేరుతుంది. అక్కడ అనుభవం తోడై "ఇది ఫలానా వాసన" అన్న గుర్తింపు కలుగుతుంది. చూపు, వినికిడి థాలమస్ అనే కేంద్రం మీదుగా వల్కలానికి పోతాయి. వాసన ఆ మజిలీ లేకుండానే చేరుతుంది. భావోద్వేగాలకు స్థానమైన అమిగ్డాలాకు సైతం నేరుగా వెళుతుంది. పాత వాసన ఒకటి సోకగానే మరచిన మనుషులు గుర్తుకు రావడానికి ఇదొక కారణం. ముక్కు శిరస్సుకు ద్వారమని ఆయుర్వేదం చెప్పింది. నాడీశాస్త్రమంతా అందులోనే ఉందనడం తొందరపాటే గాని, ఆ ద్వారాన్ని కాపాడుకోవాలన్న హితవు నేటికీ శిరోధార్యమే.

వాసన తెలియకపోతే మాడిన కూర, పాసిన అన్నం, కారుతున్న వంటగ్యాసు తెలియవు. గ్యాసులో ఘాటైన వాసన కలిపేదే మనల్ని హెచ్చరించడానికి కదా! తలకు బలమైన దెబ్బ తగిలితే ఘ్రాణతంతువులు తెగవచ్చు. పార్కిన్సన్ వ్యాధిలో చేతివణుకుకు కొన్ని సంవత్సరాల ముందే వాసన తగ్గడం పలువురిలో కనిపిస్తుంది. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు అసంఖ్యాకులు వాసన కోల్పోయారు. ఆ వైరస్ ప్రధానంగా నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలను దెబ్బతీసిందని పరిశోధకులు తేల్చారు.

ఇక చికిత్స మాట. ఎవరో చెప్పారని ఆకుపసర్లు, ఘాటైన రసాలు ముక్కులో పిండుకోవడం ప్రమాదకరం. జింక్ కలిపిన కొన్ని ముక్కుమందులు వాడినవారికి వాసన పోయిందన్న ఫిర్యాదులపై 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించింది. నస్యకర్మ వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

ఇంట్లో నిరపాయంగా చేయదగినది ఘ్రాణాభ్యాసం. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం అనే నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలపాటు చూపించగా కొందరిలో మెరుగు కనిపించిందని జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రకటించింది. ముక్కులోని ఘ్రాణకణాలు పాతవి పోయి కొత్తవి పుట్టే స్వభావం గలవి కనుక ఈ ఆశకు ఆధారం ఉంది. ఒక్కొక్క దానిని పది, పదిహేను సెకన్లు మెల్లగా, మనసు నిలిపి ఆఘ్రాణించాలి. అందరికీ ఫలిస్తుందన్న హామీ మాత్రం లేదు.

ఉదయగిరి నుండి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. నిపుణుని వద్దకు తరచుగా పోలేని పల్లెలవారికి ఇంటి పరీక్షే తొలి రక్ష. నెలకొకసారి ఇంట్లోని పెద్దలను కళ్ళు మూసుకోమని, ఒక్కొక్క ముక్కుపుటానికి కాఫీపొడి, లవంగం చూపించండి. పడిశం తగ్గి రెండు వారాలైనా వాసన రాకపోయినా, ఒక పుటంలోనే పోయినా, తలకు దెబ్బ తగిలాక పోయినా ఆలస్యం చేయకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోని వైద్యులు కూడా నాడి చూచేటప్పుడు వృద్ధులను "వాసన తెలుస్తోందా?" అని అడగాలని నా విన్నపం. ఆ ప్రశ్నకు పైసా ఖర్చు లేదు.