తెనాలి ఇంటిపేరా?

మొన్న ఆదివారం వర్తూరులో మా మేనకోడలి ఇంటికి భోజనానికి వెళ్ళాను. దాని కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, కంచం ముందు పెట్టుకుని ఫోనులో ఇంగ్లీషు కార్టూను చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు: "తాతయ్యా, రామన్‌కి తెనాలి అనేది ఇంటిపేరా?"

మా ఊరు తెనాలికి దగ్గరే. ముద్ద గొంతుకి అడ్డం పడినంత పనైంది.

తప్పు వాడిది కాదు లెండి. వాడు చూస్తున్నది 'ది అడ్వెంచర్స్ ఆఫ్ తెనాలి రామన్'. తిరువనంతపురంలోని టూన్జ్ సంస్థ తీసింది. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చింది. అంతకు చాలా ముందే అమర్ చిత్ర కథ మన రామలింగణ్ణి బొమ్మల పుస్తకంలోకి ఎక్కించింది. 1990లో దూరదర్శన్ వారికి టి.ఎస్. నాగాభరణ హిందీలో సీరియల్ తీశారు. ఇక బి.ఎస్. రంగా అయితే 1956లో తెలుగులో అక్కినేనితో, తమిళంలో శివాజీ గణేశన్‌తో, 1982లో కన్నడంలో అనంతనాగ్‌తో సినిమాలు తీశారు. అందరికీ కావలసినవాడే! కత్తి లేదు, కండ లేదు, ఎగరడం రాదు. ఉన్నది నోరొక్కటే. అలాంటివాడు పిల్లల కార్టూనులో హీరో కావడం నాకు సంతోషమే.

నా బాధల్లా ఒకటే. ఆయన కవి అన్న సంగతి బొమ్మల్లో ఎక్కడో జారిపోతుంది. 'పాండురంగ మాహాత్మ్యం' పంచకావ్యాల్లో ఒకటిగా లెక్కకొచ్చే గ్రంథం. దాన్ని విరూరి వేదాద్రి మంత్రికి అంకితమిచ్చాడు. అసలు ఆయన రాయల కొలువులో ఉన్నాడా అని పండితులు సందేహిస్తారు కూడా. ఇదంతా ఎనిమిదేళ్ళవాడికి ఎలా చెప్పను?

అందుకని కాళికాదేవి కథ ఎత్తుకున్నాను. వెయ్యి తలల అమ్మవారికి జలుబు చేస్తే ఎలాగా అని నవ్వాడని, అమ్మవారు వికటకవివి కమ్మందని చెప్పాను. "ఆ మాట వెనకనుంచి చదివినా అదేరా" అన్నాను గొప్పగా. వాడు కాగితం తెచ్చి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, తిప్పి చదివాడు. 'ఇవకటకివ్' అని వచ్చింది!

"అబద్ధం తాతయ్యా."

తెలుగులో రాసి చూపిస్తే వాడికి ఒక్క అక్షరం తెలియదు. కాసేపు దాన్నే చూసి, ఏమనుకున్నాడో, బడిలో నేర్చిన కన్నడంలో రాశాడు. అయిదక్షరాలు. ఎటు చదివినా వికటకవే. వాడి మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నతనమనిపించింది. మన తెలుగు మాటను కన్నడం గెలిపించిందే!

అప్పుడు రెండు వరసలూ పక్కపక్కన పెట్టాను. ట దాదాపు ఒకటే. 'వి'లోనూ పెద్ద తేడా లేదు. క మీద మనకు తలకట్టు, వాళ్ళకు అడ్డగీత. "ఇంతేనా?" అన్నాడు వాడు. సాయంత్రానికి తన పేరు తెలుగులో రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఒక తలకట్టు మరిచాడు. నేను దిద్దలేదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు పెద్దబాలశిక్ష ఒకటి తెమ్మంది మేనకోడలు. రెండు తెస్తానన్నాను. అది చదువుకున్నదీ బెంగుళూరులోనే మరి.