నగర విస్తరణ – నీటి మార్గాలు

నగరం పెరగడం దోషం కాదు. పల్లెలో పని దొరకని కూలీకి, చదువు ముగించిన యువకునికి నగరమే ఆశాదీపం. అయితే ఎటు పెరగాలి, ఎవరి భూమిని కబళించి పెరగాలి అన్న ప్రశ్నలను విస్మరిస్తే ఆ పెరుగుదల వాపే గాని బలుపు కాదు. ఇందుకు హైదరాబాదు నగరమే నిదర్శనం.

1591లో మూసీ తీరాన మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన నగరమిది. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. అప్పుడు నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలువరించాలని సూచించాడు. తత్ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ రూపుదిద్దుకొన్నాయి. అవి నగరాన్ని వరద నుండి కాపాడుతూనే దాని దప్పికను తీర్చాయి.

వీటి రక్షణకై 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, భారీ కట్టడాలను అది నిషేధించింది. ఇంతలో నగరం పడమరకు పరుగులు తీసింది. 1998లో హైటెక్ సిటీ, పిమ్మట 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చాయి. పొరుగు పొలాలు బంగారమవుతుండగా తమ భూములకు విలువ లేకపోయిందని ఆ గ్రామాల రైతులు వాపోయారు. కృష్ణా, గోదావరీ జలాలు నగరానికి అందుతున్నందున ఆంక్షలు అనవసరమని మరికొందరు వాదించారు. 2023 మే నెలలో రాష్ట్ర మంత్రివర్గం ఆ ఉత్తర్వును ఎత్తివేయాలని నిర్ణయించింది.

రైతుల ఆవేదన న్యాయమైనదే. నగరమంతటి మేలు కోసం కొన్ని గ్రామాలే నష్టపోవడం ధర్మం కాదు. ఆ నష్టాన్ని నగరమే పూడ్చాలి. కాని రెండవ వాదన నిలిచేది కాదు. ఆ జలాశయాలు కేవలం దాహం తీర్చడానికి పుట్టినవి కావు, వరదను ఆపడానికి పుట్టినవి. తాగునీటిని దూరం నుండి తెచ్చుకోవచ్చు గాని, వాననీటిని దూరంగా పంపివేయలేము. 2020 అక్టోబరు వర్షాలకు చెరువు కట్టలు తెగి, కాలనీలు నీట మునిగిన ఉదంతం ఈ సత్యాన్నే చాటింది. ఆ నీరు ఇళ్ళలోకి దారి తప్పి రాలేదు. తన పాత దారినే వెదకుకొంటూ వచ్చింది.

కనుక నగర పటంలో మొదట గీయవలసినవి రహదారులు కావు. చెరువులు, వాగులు, కాలువలు. వాటిని విడిచి మిగిలిన నేలపై ఇళ్ళు కట్టుకొందాం. నీటికి చోటిచ్చిన నగరమే మనిషికి చోటివ్వగలదు.