పాత పడవ బేరములో ఇంజను సంగతి

మన సంఘ పత్రికలో విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్యాసములు తరచుగా వచ్చుచున్నవి. పడవలను గూర్చి వ్రాసినవారు అరుదు. లంకభూములు గల రైతునకు నాగలి యెంతయో పడవయు నంతయే. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ నున్న లంకలలో అరటి గెల గాని, కంద గాని, కూరగాయ గాని రేవు దాటినప్పుడే సొమ్మగును. దాటనిచో పశువుల మేత యగును. 1986 ఆగష్టులోను, 2022 జూలైలోను వచ్చిన గోదావరి వరదలను చూచినవారికి పడవ విలువను నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొత్త పడవ కొను శక్తి అందఱికిని లేదు. కావున నలుగురైదుగురు సభ్యులు కలిసి, సముద్రతీరపు మత్స్యకారులు వాడి విడిచిన ఫైబరు పడవలను ఇంజనుతో సహా బేరమాడుచున్నారు. ఇందు తప్పు లేదు. వెనుక పలకకు మరలతో బిగించి, వలసినపుడు ఊడదీసి ఇంటికి మోసికొనిపోదగిన ఆ ఇంజనును అవుట్‌బోర్డు ఇంజను అందురు. మనవారు బేరమునకు పోయినపుడు పడవను మాత్రము పూటంతయు చూతురు. అడుగున ప్రాకుదురు, వ్రేళ్లతో తట్టి విందురు, అతుకులను వెదకుదురు. ఇంజను వంతు వచ్చునప్పటికి అమ్మువాడు తాడు లాగును, అది మ్రోగును, మనవారు తల యూపుదురు. బేరములో ఇంచుమించు సగము సొమ్ము ఆ మ్రోతకే పోవుచున్నది. నా యభిప్రాయ మేమనగా, అది యే ఇంజనో, ఏ యేటిదో రూఢిగా తెలియనంతవఱకు దానికి విడిగా ఒక్క రూపాయి ధర కట్టరాదు. పడవకు మాత్రమే వెల చెప్పి, ఇంజనును పాత ఇనుముక్రింద లెక్కింపవలెను.

ఇది నేను సొమ్ము చెల్లించి నేర్చుకొన్న పాఠము. కొన్నియేండ్ల క్రిందట నేనును మఱి నలుగురును కలిసి యొక పడవను కొంటిమి. ఇంజను పైమూత నిగనిగలాడుచుండెను. దానిమీద 15 గుఱ్ఱముల బలమని పెద్ద అంకెలు. ఒక సాయంకాలము గెలలతో నది దాటుచుండగా ఇంజను ప్రక్కనుండి రావలసిన నీటిధార నిలిచిపోయెను. మేము చూచుకొనులోపల ఇంజను కాగి ఆగిపోయెను. గెడలతో తంటాలుపడి ఒడ్డు చేరితిమి. నీటిని పైకెత్తు రబ్బరు చక్రము, అనగా ఇంపెల్లరు, అరిగినదని తెలిసి, మూతమీది అంకెలను బట్టి కొత్తది తెప్పించితిమి. అది పట్టలేదు. రెండవదియు పట్టలేదు. కడకు ఇంజనును మెకానికు నొద్దకు మోసికొనిపోగా అతడు చూచి, "అయ్యా, ఈ మూత దీనిది కాదు. మూత కొత్త రకముది, ఇంజను పాత రకముది. లోపలి బలము కూడ పదికి లోపే" అనెను. పదునెనిమిది రూపాయల ముక్క వంటి ఆ రబ్బరు చక్రమునకై మూడువారములు పడవ ఒడ్డున నుండెను. ఆ దినములలో కోసిన గెలలు లంకమీదనే పండిపోయినవి.

కాబట్టి మూతను చూడకుడు. మూత నాలుగు గొళ్లెములతోనో రెండు గొళ్లెములతోనో ఊడివచ్చు వస్తువు. రంగు వేయవచ్చును, చీటీ అంటింపవచ్చును, వేఱొక ఇంజనునుండి తెచ్చి పెట్టవచ్చును. నిజము చెప్పునది పడవ పలకకు ఇంజనును బిగించు చట్టము ప్రక్కనుండు చిన్న ఱేకు. దానిమీద రకపు గుర్తును, వరుస సంఖ్యయు అచ్చొత్తి యుండును. ఉప్పు పట్టినచో తడిగుడ్డతో మెల్లగ తుడిచి చదువవలెను. ఇసుకకాగితముతో రుద్దినచో అక్షరములే పోవును. చదివినదానిని కాగితముమీద వ్రాసికొని, చేతిలోని ఫోనుతో బొమ్మ కూడ తీసికొనవలెను. ఆ సంఖ్యను విడిభాగముల దుకాణములో చూపి, "దీనికి ఇంపెల్లరు, కార్బురేటరు సామాను దొరకునా?" అని బేరమునకు ముందే అడుగవలెను. దొరకదన్నచో ఇంజను ఎంత చక్కగా మ్రోగినను మనకు పనికిరాదు.

ఱేకు లేనిచో? కొన్ని పాత జాన్సన్, ఎవిన్రూడ్ ఇంజనులలో సిలిండరు దిమ్మెమీద నాణెమంత గుండ్రని బిళ్ల యొకటి దిగగొట్టి యుండును. దానిమీద కూడ ఆ గుర్తు చెక్కబడి యుండును. ఱేకు పోయినను బిళ్ల మిగులును. ఈ రెండు పేర్ల ఇంజనులకును 1980 మొదలు ఒక చమత్కారమైన లెక్క కలదు. ఇంగ్లీషున ఇంట్రొడ్యూసెస్ అను మాటలోని పది అక్షరములు, అనగా ఐ, ఎన్, టి, ఆర్, ఓ, డి, యు, సి, ఇ, ఎస్ అనునవి వరుసగా 1 మొదలు 9 వఱకును, కడపటిది సున్నకును గుర్తులు. రకపు గుర్తు కొసన నుండు రెండక్షరములు సంవత్సరమును తెలుపును. సి, ఓ అని యున్నచో 85, అనగా 1985 నాటి రకము. వాని తరువాత ఒంటి అక్షర మొకటి యుండిన దానిని విడిచి చూడవలెను. అమెరికాలో ఓలే ఎవిన్రూడ్ 1909లో అమ్మజొచ్చిన ఆ పేరిటి ఇంజనుల తయారీ 2020లో నిలిచిపోయినది. పేరు గొప్పదని మురిసి కొనువారు ఈ సంగతి యెఱుగవలెను.

ఱేకు పెఱికినట్లును, సంఖ్యను ఆకురాయితో రాచినట్లును కనబడినచో మాటలాడక లేచి రావలెను. అది దొంగసొత్తు కావచ్చును.

బలము విషయము. కొన్ని కంపెనీల 9.9 బలపు ఇంజనును, 15 బలపు ఇంజనును ఒకే కొలత సిలిండర్లతో చేయబడినవి. కార్బురేటరు మొదలగు కొద్ది భాగములలోనే భేదము. కంటికి రెండును కవలపిల్లలే. ఱేకు తప్ప సాక్ష్యము లేదు. తరువాత కాడ పొడవు. పొట్టి కాడ సుమారు 15 అంగుళముల పలకకును, పొడుగు కాడ సుమారు 20 అంగుళముల పలకకును చేయబడినవి. బేరమునకు పోవునపుడు టేపు తీసికొనిపోయి పలకను నడుమ కొలువుడు. ఫ్యానుకు పైన అడ్డముగ నుండు రెక్కఱేకు పడవ అడుగు మట్టమునకు దాదాపు సరిపోవలెను. మీదికున్నచో ఫ్యాను గాలిని పీల్చి, ఇంజను కూయునేగాని పడవ కదలదు. మఱీ క్రిందికున్నచో మన పాయలలోని ఇసుకమేటలకు తగులును.

రకము తెలియుట మఱొకందులకును ముఖ్యము. పాత రెండు స్ట్రోకుల ఇంజనులలో పెట్రోలులోనే నూనె కలుపవలెను. కొన్నింటికి 50 పాళ్లకు ఒక పాలు. మఱికొన్ని పాతవానికి అంతకు రెట్టింపు నూనె. ఏ రకమో తెలియక తక్కువ పోసినచో పిస్టను పట్టివేయును. కిరోసినుతో నడుచుటకే చేసిన ఇంజనులు వేఱుగ నున్నవి; అవి పెట్రోలుతో మొదలై, వేడెక్కిన పిదప కిరోసినుకు మారును. పెట్రోలు ఇంజనులో చవుకకొఱకు కిరోసిను పోసి నడిపినవారును కలరు. అట్టిదాని లోపల మసి పేరుకొని, పిస్టను దెబ్బతిని యుండును. ట్యాంకును వాసన చూచిన కొంత తెలియును.

ఇక పరీక్ష. "మేము వచ్చువఱకు ఇంజను త్రిప్పవద్దు" అని ముందుగా చెప్పి పంపవలెను. పోయినవెంటనే మూత తీసి సిలిండరుమీద చేయి పెట్టి చూడుడు. వెచ్చగా నున్నచో అమ్మువాడు చల్లని ఇంజను మొండితనమును మనకు చూపదలచుకొనలేదన్నమాట. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక సిలిండరుకు కొలత గడియారము బిగించి, ప్లగ్గు తీగెలను నేలకు కలిపి, థ్రాటిలు పూర్తిగా తెఱచి, తాడు లాగి చూడవలెను. ఆ గడియారము మోటారు సైకిళ్లు బాగుచేయువారి యొద్ద నుండును. రెండు సిలిండర్ల ఒత్తిడి దగ్గరదగ్గరగా నుండవలెను. పదింట ఒక వంతుకు మించి తేడా యున్నచో అనుమానింపవలెను. క్రింది గేరుపెట్టె అడుగు మరను కొంచెము వదలుచేసి కారిన నూనెను చూడుడు. పాలు కలిపిన తేనీటివలె నున్నచో లోనికి నీరు దిగుచున్నది. ఇనుపరజను తళుక్కుమన్నచో గేర్లు అరిగినవి. తాడుచుట్ట క్రిందను, తిరుగు చక్రము క్రిందను మూలలలో ఒండ్రు కనబడినచో ఆ ఇంజను ఎప్పుడో నీట మునిగినదే. సముద్రపు ఇంజనులకు తెల్లని పొడి పట్టుట సహజము. దానికే భయపడనక్కఱలేదు గాని, ఇంజను పైకెత్తి దించు కీలు కదలునో లేదో, బిగించు మరలు తిరుగునో లేదో మాత్రము తప్పక చూడవలెను.

పీపాలోని నీటిలో పెట్టి చూపుదుమందురు. చాలదు. పీపాలో ఇంజనుకు బరువు లేదు. నలుగురు మనుష్యులును, నాలుగు బస్తాలును ఎక్కి, అందఱును తేలుడు చొక్కాలు తొడిగికొని, గెడయు తెడ్డును వెంట నుంచుకొని, ఏటికి ఎదురుగా అరగంట నడుపవలెను. నీటిధార ఎడతెగక రావలెను. కూత హెచ్చి నడక హెచ్చనిచో ఫ్యాను నడుమనుండు రబ్బరు జారుచున్నదని యెఱుగునది. కడకు ఆపి, వేడిమీదనే మరల తాడు లాగుడు. ముసలి ఇంజనులు చల్లగా నున్నపుడు కంటె అప్పుడే ఎక్కువగా పేచీ పెట్టును.

"ఇంత చేసినచో అమ్మువాడు కోపించును, బేరము పోవును" అని కొందఱు సభ్యులు నాతో వాదించిరి. ఎద్దును కొనునపుడు పండ్లు చూడనిచ్చుట లేదా? మఱికొందఱు, మంచి మెకానికును వెంట గొనిపోయిన చాలునందురు. గొనిపోవలసినదే. కాని అతని కూలి మనమే ఇయ్యవలెను. అమ్మువాడు పిలిపించిన మెకానికు మాట అమ్మువాని మాటయే.

ఇది వ్యక్తుల జాగ్రత్తతో సరిపోవునది కాదు. సంఘపు సొమ్ము అప్పుగా తీసికొని పడవ కొన్నచో ఆ ఇంజను సంఘమునకు పూచీ యగుచున్నది. పొలము తాకట్టునకు సర్వే నెంబరు అడుగు మనము, ఇంజనుకు వరుస సంఖ్య యేల అడుగము? యంత్రముతో నడుచు పడవలు నదులలో తిరుగుటకు 2021 నాటి లోతట్టు జలనౌకల చట్టము ప్రకారము తనిఖీయు నమోదును అవసరము. అప్పుడైనను ఇంజను వివరములు వెలికి రావలసినవే. కావున ఇంజను ఱేకు బొమ్మయు, రకపు గుర్తును, వరుస సంఖ్యయు, నీటిపై చేసిన పరీక్ష తేదియు క్రయపత్రములో చేరనిదే పడవకు అప్పు మంజూరు చేయరాదని రానున్న సర్వసభ్య సమావేశమున నేను తీర్మానమును ప్రతిపాదింపనున్నాను. ఒత్తిడిని కొలుచు గడియార మొకటి సంఘము కొని కార్యాలయములో నుంచుటకును అందులోనే కోరుచున్నాను. లంకలవైపు సభ్యులు ఆనాడు తప్పక రావలెనని ప్రార్థన.